మూడో తీగకు పావు తిప్పు

ప్రహ్లాద్ పనిచేసే ఆఫీసులో మూడు కొటేషన్లు లేనిదే గుండుసూదుల డబ్బా కూడా కొనరు. ఆ నియమం ఆయన పెట్టింది కాదు, సర్కారుది. కాని ఇరవై తొమ్మిదేళ్లు కొనుగోళ్ల సెక్షన్‌లో కూర్చుని దాన్ని కాపాడుతూ వచ్చేసరికి అది ఒంటికి పట్టేసింది. మూడు దుకాణాల నుంచి ధరలు రావాలి. వాటిని గళ్ల కాగితం మీద పక్కపక్కన దించాలి. ఏది ఎందుకు మేలో, ఏది ఎందుకు కాదో రాయాలి. ఆ కాగితాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. ప్రహ్లాద్ సంతకం పడిన స్టేట్‌మెంట్ మీద ఆడిట్ వాళ్లు వేలు పెట్టిన దాఖలా లేదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, కింద జిరాక్సు షాపు, పైన రెండో అంతస్తులో వాళ్ల ఇల్లు. మిక్సీ కొనడానికి ఆయనకు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ భార్య ఉదయశ్రీ పక్కింటి యశోదమ్మ మిక్సీలో పచ్చళ్లు రుబ్బుకుంది. చివరికి యశోదమ్మే ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, "అన్నా, మా మిక్సీ అరిగిపోయింది. మీరేది కొంటరో చెప్తే మేం కూడ గదే కొనుక్కుంటం. జర మా పిల్ల పెండ్లి లోపల చెప్పుండ్రి" అని పోయింది. యశోదమ్మ పిల్ల అప్పుడు ఏడో తరగతి.

పెళ్లికి ముందు ప్రహ్లాద్ సరిగ్గా మూడు సంబంధాలు చూశాడని ఉదయశ్రీకి తెలుసు. తాను మూడోది. "ఇంతకీ నేను తక్కువ కొటేషనా, ఎక్కువ కొటేషనా?" అని ఆమె ప్రతి పెళ్లిరోజునాడూ అడుగుతుంది. ఆయన ఇంతవరకు జవాబు ఇవ్వలేదు. ఫైలు ఇంకా పెండింగులో ఉందని ఆమె చుట్టాలకు చెబుతుంది.

ఇలాంటి మనిషికి ఒక గిటారు కావాల్సి వచ్చింది.

గిటారు ఆయనకు కొత్త కాదు. కాలేజీ రోజుల్లో మేనమామ కొడుకు దుబాయికి పోతూ ఒక ప్లైవుడ్ గిటారును ఈయనకు అంటగట్టి పోయాడు. అప్పటి నుంచి ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, బాల్కనీలో ఓ అరగంట దాన్ని వాయించడం అలవాటు. దాని గొంతు తడిసిన అట్టపెట్టెది. తీగలు ఆనే చెక్క రెండుసార్లు ఊడితే ఫెవికాల్ పెట్టి, మీద రెండు ఇటుకలు పెట్టి అతికించాడు. ఒక్క మంచి గిటారు, పొరలు అతికించిన ప్లైవుడ్ కాకుండా అచ్చమైన చెక్కతో చేసినది, చేతిలో పెట్టుకుని వాయించాలన్నది ఆయన ముప్ఫై ఏళ్ల కోరిక. ఈమధ్య ఎడమచేతి మధ్యవేలు పొద్దున పూట బిగుసుకుంటోంది. డాక్టరు దాన్ని నొక్కి చూసి, "వయసు" అన్నాడు. యాభై ఆరేళ్లకు వేలు అలా అంటే, అరవై రెండుకు ఏమంటుందో ఎవరు చూడొచ్చారు?

డబ్బుకు ఇబ్బంది లేదు. జీతం బకాయిలు ఒక్కసారే వచ్చి బ్యాంకులో పడ్డాయి. ఉదయశ్రీ కూడా అడ్డం చెప్పలేదు. ఒక గడువు మాత్రం పెట్టింది.

"దసరా లోపల కొనుండ్రి. కొనకపోతే గా పైసలతోని వంటింట్ల అల్మారాలు చేయిస్త. అవి కూడ చెక్కవే కదా, కొట్టి చూసుకుంట కూసుందురు."

ఆ మాట అన్నది పోయిన కార్తీకంలో. దసరాకు పదకొండు నెలలుంది. పదకొండు నెలలంటే ప్రహ్లాద్‌కు నిండుగా అనిపించింది.

నారాయణగూడ చౌరస్తా దాటి లోపలి సందులోకి తిరిగితే కళ్లద్దాల షాపు పక్కన 'బుగ్గయ్య హార్మోనియం వర్క్స్' అని బోర్డు ఉంటుంది. బుగ్గయ్య పోయి పన్నెండేళ్లయింది. హార్మోనియాలు కొనేవాళ్లు అంతకుముందే తగ్గిపోయారు. ఇప్పుడు దుకాణం ఆయన కూతురు రాజకుమారిది. ఆమె బోర్డు మార్చలేదు గాని, లోపల సరుకంతా మార్చింది. ముందు గదిలో పిల్లలు కొనే చవక గిటార్లు, వెనక అద్దాల గదిలో లక్ష దాటినవి. ఒక మూల మటుకు తండ్రి కూర్చున్న చోటే కూర్చుని, ఇప్పటికీ ఎవరైనా హార్మోనియం తెస్తే తిత్తికి చిల్లు ఎక్కడుందో చెవి పెట్టి వింటుంది.

మొదటి శనివారమే అద్దాల గదిలో ప్రహ్లాద్‌కు గోడ మీద అది కనిపించింది. ముఖం సెడార్ చెక్క, పాత తేనె రంగు. వెనక రోజ్‌వుడ్, మీద నల్లని చారలు. నడిమి గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపు చిప్పతో పొదిగిన అంచు, దీపం పడితే నీలంగా, ఆకుపచ్చగా మారుతోంది. ధర చీటీ లక్షా నలభై వేలు. ఆయన దాన్ని దింపించి, తనకు బాగా వచ్చిన ఒక ముక్క వాయించాడు. తర్వాత దాన్ని గోడకు తగిలించి, దూరంగా నిలబడి కాసేపు చూశాడు. ఇదే, అనుకున్నాడు.

ఇంకొకరైతే అప్పుడే కొనేసేవారు. ప్రహ్లాద్ గళ్ల పుస్తకం తీశాడు.

సికింద్రాబాద్‌లో రెండు దుకాణాలు, అమీర్‌పేటలో ఒకటి, కోఠిలో ఒకటి తిరిగాడు. మెట్రోలో పోతూ సెల్‌ఫోన్‌లో గిటార్ల పోలికల వీడియోలు విన్నాడు. ముఖానికి సెడార్ మేలా, స్ప్రూస్ మేలా. వెనకకు రోజ్‌వుడ్ మేలా, మహాగనీ మేలా. మెడ ఎంత వెడల్పుంటే బిగిసిన వేలికి సుఖం. పుస్తకంలో ఇరవై రెండు గిటార్లు చేరాయి. ఒక్కోదానికి పదకొండు గళ్లు. ప్రతి శనివారం చివరికి రాజకుమారి దుకాణానికే వచ్చి గోడమీదిదాన్ని దింపించి, మళ్లీ ఆ ముక్కే వాయించేవాడు.

"సార్, గా పాటకు రెండో చరణం లేదా?" అని రాజకుమారి ఒకసారి అడిగింది.

"ఉన్నది. పోల్చేటప్పుడు ఒక్కటే వాయించాలె. లేకుంటే తేడా తెల్వదు."

"మంచిది. మా మూలకున్న హార్మోనియానికి సుత గీ పాట వచ్చేసింది."

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గోడమీదిది మిగతావాళ్ల కళ్లకూ కనబడుతోంది. పుష్య మాసంలో ఒక శనివారం బ్యాంకు ఉద్యోగి ఒకాయన వచ్చి నేరుగా దాన్ని చూపించి, "అదివ్వండి" అన్నాడు. ప్రహ్లాద్ గళ్ల పుస్తకం తెరిచి చూసుకున్నాడు. ఆయన పోలిక ఇంకా సగంలో ఉంది. నాలుగు దుకాణాలు తిరిగిన పెద్దమనిషని రాజకుమారి పరిచయం చేయగానే బ్యాంకాయన, "మీరోసారి శ్రుతి చేసి ఇవ్వండి సార్" అన్నాడు. ప్రహ్లాద్ శ్రుతి చేశాడు. ఇస్తూ ఉంటే చెయ్యి తగిలి మూడో తీగను బిగించే కీ కాస్త తిరిగింది. అది నిజంగానే తగిలింది, ఆ ఒక్కసారికి. బ్యాంకాయన మీటాడు. మూడో తీగ మూలిగింది.

"ఇప్పుడే కదా సార్ పెట్టారు?"

ప్రహ్లాద్ నోరు తెరిచాడు. చెయ్యి తగిలిందండీ అని చెప్పడానికే తెరిచాడు. బయటికొచ్చిన మాట వేరు.

"గదే దీంతోని తక్లీఫ్. సెడార్ కదా, మెత్తటి చెక్క. మన వాతావరణం పడది. చూడనీకె బాగుంటది. పెట్టిన శ్రుతి నిలవది. మీకు నిజంగ గిటారు కావాల్నంటే గా మహాగనీది చూడుండ్రి."

మహాగనీది మూలన స్టాండ్ మీద ఉంది. ముఖం, వెనక అంతా ఒకే గోధుమ రంగు. అంచు లేదు, ముత్యపు చిప్ప లేదు. ధర ఇంచుమించు అంతే. ప్రహ్లాద్ గళ్ల పుస్తకంలో దాని ఎదురుగా ఒకే మాట ఉంది: స్కూలు బెంచీ. దాన్ని ఒకేఒకసారి, అదీ మర్యాదకు వాయించాడు. ఇప్పుడు దాన్ని తెచ్చి బ్యాంకాయన ఒళ్లో పెట్టి, "దీని గొంతు మాట్లాడే మనిషి గొంతు. మెరుపులుండవు. పదేండ్లు పోయినా గిదే నమ్మకం" అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట! బ్యాంకాయన అరగంటలో దాన్ని కొనుక్కుని, ప్రహ్లాద్ చేతులు పట్టుకుని మరీ వెళ్లాడు.

ఆ తర్వాత చెయ్యి తగలాల్సిన అవసరం రాలేదు. చెయ్యే నేర్చుకుంది. ఎవరైనా గోడ వైపు చూస్తే చాలు, ప్రహ్లాద్ లేచి తానే దింపి, ఎదురుగా శ్రుతి చేసి, "ఒక్క నిమిషం, మీటే బిళ్ల ఇస్త" అని వెనక్కు తిరిగేవాడు. ఆ తిరగడంలో మూడో తీగ కీకి పావు తిప్పు. అర తిప్పు అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది. పావు తిప్పుకు మనిషికి దుకాణం మీద కాదు, చెక్క మీద అనుమానం వస్తుంది. తర్వాత సెడార్ మీద రెండు మాటలు, మహాగనీ మీద నాలుగు మాటలు. ఉగాదికి ముగ్గురు, వానలు మొదలయ్యేసరికి ఆరుగురు. ఏడోవాడు శశాంక్. అశోక్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెప్పే కుర్ర మాస్టరు. నాలుగు ఆప్షన్లలో తప్పు మూడింటిని కొట్టేయడం ఎలాగో రోజూ ఆరువందల మందికి చెబుతాడు. వాడికీ పావు తిప్పే పట్టింది. శ్రావణంలో స్కూలు బెంచీని భుజాన వేసుకుని, "అన్నా, మీరు లేకుంటే ఆగమైపోతుంటి" అని దండం పెట్టి వెళ్లాడు.

ఆ రాత్రి ప్రహ్లాద్‌కు కొంచెం సిగ్గేసింది. అంత మంచి కుర్రాడికి అలాంటి బెంచీ అంటగట్టాను కదా అని. కాని గోడమీదిది గోడమీదే ఉంది. పుస్తకంలో ఇంకో రెండు గళ్లు నిండితే తన ఇంటికే వస్తుంది.

వినాయకుళ్లు నీళ్లలో కలిసిన మరుసటి శనివారం మహిత వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. దోమలగూడలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. వాళ్ల తాతగారు బందరు నుంచి ఉద్యోగానికొచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారట. అక్కడే పదేళ్లు వయొలిన్ నేర్చుకుందని రాజకుమారితో చెబుతుంటే ప్రహ్లాద్ విన్నాడు గాని, దాని అర్థమేమిటో ఆలోచించలేదు. ఆ పిల్ల అద్దాల గదిలోకి వచ్చి గోడ వైపు చూడగానే ఆయన లేచాడు.

"ఆగమ్మా, నేను దింపిస్త."

దింపాడు. శ్రుతి చేశాడు. "మీటే బిళ్ల ఇస్త" అన్నాడు. తిరిగాడు. ఇచ్చాడు.

మహిత ఒక్కసారి మీటింది. రెండోసారి మీటలేదు.

"మూడోది దిగింది అంకుల్."

"గదే చెప్దామనుకుంటున్న. సెడార్ మెత్తటి చెక్క. వానకాలం గదా, తడికి శ్రుతి నిలవది."

మహిత మిగతా తీగల్ని ఒక్కొక్కటే మీటి చూసింది. పాఠం వినే పిల్లలా తల ఊపింది.

"వానకైతే ఆరూ తప్పాలి కదండీ? మూడోదొక్కదానికే గొడుగు లేదా?"

మూలన హార్మోనియం దగ్గర నుంచి ఒక నవ్వు వినిపించింది. తిత్తి చిరిగిన హార్మోనియం నవ్వినట్టు, ఆగి ఆగి వచ్చింది. రాజకుమారి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఎనిమిది నెలల సంది గా మూడో తీగకే జలుబు చేస్తున్నదమ్మా. ఎవరొచ్చి ముట్టుకున్నా దానికే. మిగిలిన అయిదు మంచిగున్నయి, అదేం విచిత్రమో!"

ప్రహ్లాద్ మూల వైపు తిరిగాడు. "మీకు... ఎర్కనా?"

"మీరు గిట్ల తిరుగుతరు. మీ ఎన్క అద్దం ఉన్నది సార్. పావు తిప్పు తిప్పుతరు. ఎన్నడు ఎక్కువ తిప్పలే, తక్కువ తిప్పలే. గంత ఖచ్చితంగ మా నాయిన సుత తిప్పకపోతుండె."

"మరి ఒక్కనాడన్న చెప్పలేదేంది?"

"ఎందుకు చెప్పాలె? నేను ఏడాదికి రెండు అమ్మలేని మహాగనీని మీరు ఏడు అమ్మిపెట్టిన్రు. జీతం అడగరు, శనివారం సెలవు అడగరు, చాయ్ కూడ మీరే తెప్పిస్తరు. గిసుంటి సేల్స్‌మన్‌ని ఎవలన్న పోగొట్టుకుంటరా?"

మహిత ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత మూడో తీగను తానే బిగించి, చెవి ఆనించి రెండు నిమిషాలు వాయించింది. "ఆంటీ, ఇది ప్యాక్ చేసేయండి" అంది.

"ఆగు! ఆగమ్మా!" ప్రహ్లాద్ గొంతు దుకాణం బయటిదాకా వినబడింది. "అది నేను కొంటున్న."

"ఎప్పుడు?" అంది రాజకుమారి.

"ఇప్పుడే. ఇగో, ఈ నిమిషమే."

"ఇన్ని నెలలు కొనకుండా ఉన్నారు కదా అంకుల్, నేను అడిగాక కొంటారా? ఇదేం న్యాయం?" అంది మహిత.

న్యాయం కాదని ఆయనకూ తెలుసు. కాని బిగిసిన వేలు, దసరా, వంటింటి అల్మారాలు మూడూ ఒక్కసారే గుర్తొచ్చాయి. గిటారు మెడను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. రాజకుమారి లేచి, మూల నుంచి ఒక పాత ముక్కాలి పీటను, ఇంకో ప్లాస్టిక్ స్టూలును వీధి గుమ్మం దగ్గరికి లాగింది.

బుగ్గయ్యకు ఒక ఆనవాయితీ ఉండేది. హార్మోనియం కొనడానికి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, ఆ పీట మీద వీధి వైపు తిరిగి కూర్చోవాలి. వెనక బుగ్గయ్య మూడు పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తాడు. పాలిష్ చూడకూడదు, ధర చీటీ చూడకూడదు. ఏది నచ్చిందో చెప్పాకే తిరగాలి. "కండ్లు లంచం తింటయి బిడ్డా, చెవులు తినయి" అనేవాడట. ఈ పది నెలల్లో రాజకుమారి ప్రహ్లాద్‌ను ఆ పీట మీద కూర్చోమని ఎన్నిసార్లో అడిగింది. అది హార్మోనియం వాళ్ల సంగతని, గిటారుకు చేతి స్పర్శ ముఖ్యమని ఆయన తప్పించుకునేవాడు.

"ఇద్దరూ కూసోండ్రి. రోడ్డు దిక్కు చూడుండ్రి. మూడు వాయిస్త. ఇంటికి ఏది తీసుకపోవాలనిపిస్తదో చీటీల నంబరు రాయుండ్రి. ఇద్దరికి గా గోడమీదిదే నచ్చితే సార్‌కే ఇస్త. సార్ చెవి దాన్ని వద్దంటే పిల్లది."

మూడు అన్న మాట వినగానే ప్రహ్లాద్‌కు ధైర్యం వచ్చింది. మూడు కొటేషన్లు! ఆయన పుట్టిందే అందుకు. పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా సందులో అరటిపండ్ల బండి, దాని వెనక ఇరుక్కున్న ఆటో. మహిత స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

వెనక మొదటిది మోగింది. గలగలమంది, బాగానే ఉంది, గాజుల పెట్టె కదిలించినట్టు. అది స్ప్రూస్ అయి ఉంటుంది, కొట్టేశాడు. రెండోది మోగింది. ప్రహ్లాద్ అరటిపండ్ల బండిని చూడటం మానేశాడు. ఎవరో దగ్గరగా కూర్చుని, హడావుడి లేకుండా, తెలిసిన సంగతే మళ్లీ చెబుతున్నట్టుంది. స్వరం ఆగాక కూడా కాసేపు అక్కడే కూర్చుంది. ఇంకేముంది, అదే తన గోడమీదిది. పది నెలల స్నేహం, ఎక్కడికి పోతుంది? మూడోది పెద్దగా, తీయగా మోగింది. కొంచెం ఎక్కువ తీపి. ఆయన విన్నట్టు తల ఊపి, చీటీలో రెండు అని రాసి, అలవాటుగా కింద సంతకం కూడా పెట్టాడు.

రాజకుమారి చీటీలు తీసుకుంది. "పిల్ల మూడు రాసింది. అది గోడమీదిది."

"కాదు," అన్నాడు ప్రహ్లాద్ తిరగకుండానే. "గోడమీదిది రెండోది."

"రెండోది మీ స్కూలు బెంచీ సార్."

సందులో ఆటో బండిని తప్పించుకుని వెళ్లిపోయింది. ప్రహ్లాద్ పీటను వీధి వైపు ఇంకాస్త జరుపుకున్నాడు.

"మళ్ల వాయించుండ్రి. వరుస మార్చుండ్రి."

మార్చి వాయించింది. ఆయన ఒకటి రాశాడు. అదీ స్కూలు బెంచీయే. ఇంకోసారి మార్చమన్నాడు. మూడు రాశాడు. మళ్లీ అదే. మూడు విచారణలు, మూడింటి కిందా ఆయన సంతకమే. దీన్ని ఏ ఆడిటరూ కొట్టేయలేడు. ప్రహ్లాద్ పీట మీద నుంచి లేచి తిరిగి చూశాడు. రాజకుమారి ఒళ్లో ఆ గోధుమ రంగు గిటారు, ఏ అంచూ లేకుండా, ముత్యపు చిప్ప లేకుండా, ఎప్పటిలాగే నిర్లక్ష్యంగా పడుకుని ఉంది. దీని గొంతు మాట్లాడే మనిషి గొంతు. మెరుపులుండవు. ఏడుగురికి తాను చెప్పిన అబద్ధం అక్షరం పొల్లు పోకుండా నిజం. ఏడుగురూ మంచి గిటారు తీసుకుని తన చేతులు పట్టుకుని మరీ వెళ్లారు. మోసపోయిన ఎనిమిదోవాడు మాత్రం ఇక్కడే నిలబడి ఉన్నాడు.

"పిల్లకు అదియ్యుండ్రి," అన్నాడు చివరికి. "నాకు గిది కట్టుండ్రి."

రాజకుమారి గిటారును గుండెకు హత్తుకుంది. "గిది అమ్మేది కాదు సార్. శశాంక్ మాస్టరుది. తీగలు మార్చమని పొద్దున ఇచ్చిపోయిండు."

"ఇంకోటి?"

"ఇంకోటెక్కడిది? ఏడు తెప్పిచ్చిన, ఏడు మీరే అమ్మిన్రు."

చెప్పుకుంటూ ఉండగానే శశాంక్ వచ్చాడు. ప్రహ్లాద్ వాడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. మహిత గిటారు సంచి జిప్పు వేస్తున్నట్టు నటిస్తూ చెవి అటే పెట్టింది.

"ఏం తమ్మీ, ఎట్లున్నది గిటారు? వానకాలంల మహాగనీ జర బరువెక్కుతది అంటరు. నీకు వద్దనిపిస్తే నేను తీసుకుంట. నువ్వు పెట్టిన ధరకే."

శశాంక్ కళ్లు పెద్దవి చేశాడు. "బరువా? అన్నా, మీరే కదా చెప్పిన్రు, పదేండ్లు పోయినా గిదే నమ్మకమని! మాట్లాడే మనిషి గొంతని! మా సెంటర్ల ఇద్దరు సార్లకు గివే మాటలు చెప్పిన, వాళ్లు సుత కొంటున్నరు." ఒక్కక్షణం ఆగి, రీజనింగ్ మాస్టరు కదా, గొంతు తగ్గించాడు. "నన్ను పరీక్షిస్తున్నరు కదా? నమ్మకం ఉన్నదా లేదా అని?"

"అవును తమ్మీ," అన్నాడు ప్రహ్లాద్ నీరసంగా. "పాసైనవ్."

వాడు డబ్బులిచ్చి, గిటారు తీసుకుని, ఆయనకు మళ్లీ దండం పెట్టి వెళ్లాడు.

రాజకుమారి ఆర్డరు ఫారం తీసింది. మూడు వారాలు పడుతుంది, దసరాకు ముందు రావచ్చు. మొత్తం డబ్బు ఇప్పుడే కట్టాలి.

"రెండు మూడు తెప్పిస్తే, చూసుకోని..." అని మొదలుపెట్టాడు ప్రహ్లాద్.

"ఏది వస్తే అదే. ఒక చెట్టుకు రెండు చెక్కలు ఒక్కతీరుగ ఉండయి సార్, నాకు ఎర్కే. మీకు రెండు చూపిస్తే వచ్చే దసరా వస్తది."

ఆయన కార్డు తీసి మెషిన్‌లో పెట్టాడు. పిన్ నొక్కుతున్నప్పుడు బిగిసిన మధ్యవేలే ముందుకొచ్చింది. చూడని వస్తువుకు, పోల్చని వస్తువుకు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి డబ్బు కట్టాడు. ఇంటికి పోయి చెప్పగానే ఉదయశ్రీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జరం లేదే. చూడకుంటనే కట్టిన్రా?"

"ఊఁ."

"మిక్సీ అప్పుడు ఏమైంది మీకు గీ ధైర్యం?"

దసరాకు రెండ్రోజులుందనగా ఫోన్ వచ్చింది. ప్రహ్లాద్ ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి నారాయణగూడకు వచ్చాడు. గిటారు సంచిలో పెట్టి, బల్ల మీద తయారుగా ఉంది. మహిత కూడా అక్కడే ఉంది, తన గిటారు చూపించుకోవడానికి వచ్చింది. ఆయన్ను చూసి నవ్వింది.

"మీరు అబద్ధం చెప్పలేదు అంకుల్. వానకి ఇది నిజంగానే శ్రుతి తప్పుతోంది. కాకపోతే ఆరూ కలిసి తప్పుతున్నాయి. నాకేం పర్లేదు, వయొలిన్‌కి రోజూ ఇదే పని."

ప్రహ్లాద్ సంచి అందుకోబోతూ బల్ల కింద చూశాడు. అక్కడ విప్పిన అట్టపెట్టె పడి ఉంది. దాని మీద నల్ల సిరాతో '2లో 1' అని రాసి ఉంది. ఆయన చూపు, ఇరవై తొమ్మిదేళ్లు సరుకు దించుకున్న చూపు, దానంతట అదే రెండోదాన్ని వెతికింది. మూలన, హార్మోనియం మీద కప్పే ఎర్రగుడ్డ కింద, అదే కొలతలో ఒక పెట్టె నిలబడి ఉంది. అంచున '2లో' వరకు కనబడుతోంది.

"గా డబ్బాల ఏముంది రాజకుమారమ్మా?"

"హార్మోనియం."

"హార్మోనియం గంత పొడుగుంటదా?"

"వాయించేటాయన పొడుగు మనిషి."

మహిత గబుక్కున అటు తిరిగి గోడ మీది చవక గిటార్లను ఎంతో శ్రద్ధగా చూడసాగింది. ప్రహ్లాద్ నాలుక చివరి దాకా మాట వచ్చింది. ఒక్కసారి, ఒక్క ముక్క, పక్కపక్కన పెట్టి వాయిస్తే తెలిసిపోతుంది. గళ్ల పుస్తకం జేబులోనే ఉంది. రాజకుమారి కళ్లద్దాల మీద నుంచి ఆయన్నే చూస్తోంది. అవునని గాని కాదని గాని ఆ ముఖంలో లేదు. వీధి గుమ్మం దగ్గర ఆ ముక్కాలి పీట ఖాళీగా ఉంది.

ఆయన సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. సందు మలుపు దాటేదాకా వెనక్కి చూడలేదు.

ఇంట్లో ఉదయశ్రీ సంచికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎలాగూ ఆయుధపూజ వస్తోంది కదా అని. ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని గిటారును బయటికి తీశాడు. గోధుమ రంగు, మెరుపుల్లేవు. ఒళ్లో సరిగ్గా కూర్చుంది. మెడ చుట్టూ చెయ్యి తిరిగింది, మధ్యవేలు కూడా ఏమీ అనలేదు. తనకు వచ్చిన ఆ ముక్క మొదలుపెట్టాడు.

మూడో తీగ మూలిగింది.

ప్రహ్లాద్ ఆగాడు. ఇదీ నిలవని చెక్కేనా? మంచిది ఆ రెండో పెట్టెలో ఉండిపోయిందా? చూడకుండా కొంటే ఇంతే మరి! నియమాలు ఊరికే పెట్టారా? గిటారును గోడకు ఆనించి, లేచి, చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు. దుకాణం ఎనిమిదింటి దాకా ఉంటుంది.

రెండో కాలు పెట్టబోతూ ఆగాడు. మళ్లీ వచ్చి మిగతా అయిదు తీగల్ని మీటి చూశాడు. అయిదూ గుడిగంటల్లా ఉన్నాయి. మూడోదాని కీని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా తిప్పాడు. శ్రుతి వచ్చి కూర్చున్నచోట చెయ్యి ఆపి, ఎంత తిప్పానా అని చూసుకున్నాడు. సరిగ్గా పావు తిప్పు. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఒక చెప్పు కాలికి, ఇంకో చెప్పు గడప దగ్గర, అలాగే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పక్క బాల్కనీలో బట్టలు తీస్తున్న యశోదమ్మ ఆగి చూసింది. లోపలి నుంచి ఉదయశ్రీ చేతిలో గరిటెతో వచ్చింది.

"ఏమైంది? మంచిగ లేదా? వాపస్ ఇస్తరా ఏంది?"

"మంచిగున్నది," అన్నాడు ప్రహ్లాద్, కాలికున్న చెప్పు విడిచి కుర్చీలో కూర్చుంటూ. "మూడో తీగకు జర జలుబు చేసింది. తగ్గిపోయింది."

అని, గళ్ల పుస్తకాన్ని కుర్చీ కాలి కింద ఎత్తుకు పెట్టుకుని, ఆ పాటకు రెండో చరణం వాయించాడు.